పెడల్ డాక్టరు గారింటి చెవులు

గిటారు వాయించేవాళ్ళు కాళ్ళ దగ్గర కొన్ని రేకు డబ్బాలు పెట్టుకుంటారు. ఒక్కొక్కటీ సబ్బుపెట్టెకి కాస్త పెద్దది. కాలితో నొక్కితే గిటారు గొంతు మారిపోతుంది. ఒక డబ్బా నొక్కితే నూతిలోంచి పలికినట్టు, ఇంకో డబ్బా నొక్కితే పక్కింటివాళ్ళతో తగువు పెట్టుకున్నట్టు. వాటిని పెడల్స్ అంటారు. అవి గోల చేయడం మొదలుపెడితే బాగుచేసే మనిషి ఆ ఊరంతటికీ ఒక్కడే ఉన్నాడు. అందరూ ఆయన్ని పెడల్ డాక్టరు అనేవారు. ఆయనకి ఆ పిలుపంటే లోపల సంతోషం, పైకి విసుగు.

డాక్టరు ఇంట్లో ముందుగదే ఆసుపత్రి. గోడవారగా పొడుగాటి బల్ల, బల్ల మీద అతుకులు వేసే సోల్డరింగు ఇనుము, మేకులకి వేలాడే వైర్లు, మూలన ఒక పాత ఆంప్లిఫయరు. దాని వెనక తలుపు, తలుపుకి పూలపూల కర్టెన్, కర్టెన్ అవతల వంటిల్లు. వంటింట్లో డాక్టరు గారి భార్య. పెడల్స్ పట్టుకొచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆవిడ ముఖం సరిగా చూసి ఉండరు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్న చెయ్యి కర్టెన్ లోంచి రావడమే చూశారు.

కానీ ఆ వైద్యంలో సగం వంటింట్లోనే జరిగేది. ఈ సంగతి ఇద్దరికే తెలుసు.

ఎలా మొదలైందంటే, ఆరేళ్ళ క్రితం ఒకరోజు డాక్టరు ఒక పెడల్ బాగుచేసి, మూత బిగించి, "అయిపోయిందండీ, గంటకొట్టినట్టుంది" అని ఫోన్లో చెప్పేశాడు. ఆయన ఫోను పెట్టేసేసరికి వంటింట్లోంచి భార్య కేకేసింది.

"ఏవండీ, ముందు ఆ దోమని ఆపండి. తల పగిలిపోతోంది."

"ఏ దోమ?"

"ఆ డబ్బాలో దోమ. పొద్దుట్నుంచీ ఒకటే కూత!"

తర్వాత డాక్టరు స్క్రూడ్రైవరు పట్టుకుని వంటింటి గడప దాకా వచ్చాడు. మామూలుగా గడప దగ్గర నిలబడే మనిషి కాదు. కావలసినదేమిటో బల్ల దగ్గర్నుంచే అరుస్తాడు.

"ఇప్పుడు కూడా వినబడుతోందా?" అని మెల్లగా అడిగాడు.

ఆవిడ ఆయన ముఖం చూసింది. స్టవ్ కట్టేసింది. "కాస్త పెద్దగానే వినబడుతోంది" అంది.

ఆయన చెవులు లావు చప్పుళ్ళన్నీ వింటాయి. మాట వింటాయి, తలుపు చప్పుడు వింటాయి, బయట లారీ వింటాయి. సన్నగా, పైపైన కూసే చప్పుళ్ళు మాత్రం ఆయన్ని చెప్పాపెట్టకుండా వదిలిపోయాయి. ఎప్పుడు పోయాయో ఆయనకే తెలియదు. లేనిదాన్ని లేదని ఎలా తెలుసుకుంటాడు? ఈ సంగతి బయట తెలిస్తే గుడ్డివాడి దగ్గరికి కళ్ళజోడు కోసం ఎవరొస్తారు అని ఆయన భయం. ఆ ముందుగది మూతపడితే ఆయన ఇంకేం చేస్తాడు? నలభై ఏళ్ళుగా ఆ బల్ల ముందే కూర్చున్నాడు. మొదట రేడియోలు, తర్వాత టేపురికార్డర్లు, అవీ పోయాక ఇవి.

మర్నాడు ఆయన గోడకేసి చూస్తూ, "నువ్వు ఎలాగూ వంటింట్లోనే ఉంటావుగా" అన్నాడు.

"మరి ఎక్కడుంటాను?" అందావిడ.

అంతే ఒప్పందం.

ఆవిడ చెవులు అంత చురుగ్గా ఎలా ఉన్నాయంటే దానికో కథ ఉంది. అత్తగారు చివరి రోజుల్లో ఎనిమిది నెలలు మంచం మీదే ఉన్నారు. ఆవిడ వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ, ఏ పనిలో ఉన్నా ఒక చెవి పక్కగదిలోనే పెట్టేది. ఊపిరి సమంగా ఉందా, గురక మారిందా, దుప్పటి కదిలిందా అని. అత్తగారు వెళ్ళిపోయాక కూడా ఆ చెవి అలా తెరుచుకునే ఉండిపోయింది. వినడానికి ఏమీ లేని ఇంట్లో అలా ఊరికే వింటూ ఉండడం ఎంత కష్టమో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పెడల్స్ వచ్చాక ఆ చెవికి పని దొరికింది.

ఇద్దరూ కలిసి ఒక భాష తయారుచేసుకున్నారు. గిన్నె మీద గరిటెతో ఒక దెబ్బ కొడితే చప్పుడు ఇంకా ఉందని, రెండు దెబ్బలు కొడితే పోయిందని. మనుషులు లేనప్పుడు చప్పుళ్ళకి పేర్లు కూడా పెట్టుకున్నారు. జోరీగ అంటే కరెంటు గుర్రు, ఎర్తు సరిగా లేదని. పెనం మీద నీళ్ళు అంటే ఎక్కడో అతుకు ఊడిందని, లేదా తిప్పే బిరడాలో దుమ్ము చేరిందని. వాన అంటే లోపలి ట్రాన్సిస్టరు ముసలిదైందని. దోమ అన్నిటికంటే చెడ్డది. దోమ ఏ డబ్బాలో పుట్టి ఏ డబ్బాలో కూస్తుందో చెప్పడం కష్టం.

"జోరీగా, పెనమా?" అని ఆయన అరిచేవాడు.

"పెనమే. ఎడంపక్క బిరడా తిప్పినప్పుడు చిటపట."

"నీకు ఎడంపక్కని ఎలా తెలుసు?"

"మీరు ఎడంపక్కది తిప్పేముందు దగ్గుతారు."

ఇలా ఆరేళ్ళు గడిచాయి. వచ్చినవాళ్ళు డాక్టరు చెవుల్ని పొగిడి పోయేవారు. పొగడ్త విన్నప్పుడు ఆయన కర్టెన్ వైపు చూసేవాడు కాదు. ఆవిడకి అది కాస్త గుచ్చుకునేది. కానీ ఆ పూట కాఫీ చల్లారకుండా వెంటనే తాగేసేవాడు. ఆయన కృతజ్ఞత అంతవరకే వచ్చేది.

అలాంటప్పుడు జులపాలాయన వచ్చాడు.

యాభై దాటినా జుట్టు భుజాల దాకా పెంచుకున్న మనిషి. కుర్రతనం నుంచీ గిటారు వాయిస్తున్నాడు. ఊళ్ళో ఏ హాల్లో పాటకచేరీ జరిగినా అతనూ, పాడే అతని తమ్ముడూ ఉండాల్సిందే. అతను ఒక చెక్కపలక మోసుకొచ్చాడు. దాని మీద ఏడు పెడల్స్, ఒకదానికొకటి వైర్లతో అతుక్కుని, రైలు బోగీల్లా ఉన్నాయి.

"డాక్టరుగారూ, సన్నగా కూత వస్తోంది. మా తమ్ముడు చెవిన ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. ఆదివారం కచేరీ. ఈ కూత ఉంటే స్టేజీ ఎక్కనంటున్నాడు."

"అలాగే. గురువారం రండి" అన్నాడు డాక్టరు.

ఆ మధ్యాహ్నమే డాక్టరు గారి భార్యకి కబురొచ్చింది, చెల్లెలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుందని. బస్సులో మూడు గంటల దూరం. ఆవిడ సంచి సర్దుకుంటూ ముందుగదిలోకి తొంగిచూసింది.

"ఆ ఏడు డబ్బాలూ నేనొచ్చాక చూద్దాం. మీరు చెయ్యి పెట్టకండి."

"నేను నలభై ఏళ్ళుగా చేస్తున్న పని" అన్నాడాయన బింకంగా.

"చేతులతో చేయండి. చెవులు నాతో వస్తున్నాయి."

ఆవిడ వెళ్ళిపోయింది. డాక్టరు రెండు రోజులు బుద్ధిగానే పనిచేశాడు. ఏడు పెడల్సూ విడదీశాడు. ఒక్కొక్కదానికి బ్యాటరీ పెట్టి, ఒక్కొక్కదాన్నీ విడిగా ఆంప్లిఫయరుకి తగిలించి చూశాడు. మూతలు విప్పి దుమ్ము దులిపాడు, అతుకులు మళ్ళీ వేశాడు. ఆయనకి ఏ కూతా వినబడలేదు. కూత ఉన్నా వినబడదు కదా. బుధవారం సాయంత్రానికి మనసు ఆగలేదు. ఫోను తీశాడు.

చెల్లెలి ఇంట్లో ఆవిడ దిళ్ళు సర్దుతోంది. ఫోను ఎత్తితే ఆయన గొంతు గుసగుసగా వచ్చింది.

"ఆంప్లిఫయరు దగ్గర ఫోను పెడుతున్నాను. విను."

"ఇంట్లో ఎవరూ లేనప్పుడు గుసగుసెందుకండీ?"

"అలవాటు. విను."

ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. చెల్లెలు "బావగారికి ఒంట్లో బాగాలేదా?" అంది. ఆవిడ చెయ్యి ఊపి ఆపింది. ఒకటో డబ్బా. చప్పుడు లేదు. రెండోది, మూడోది. అలా ఏడు విడివిడిగా, తర్వాత ఏడూ కలిపి, అడాప్టరు తగిలించి. ఫోనులోంచి ఏమీ రాలేదు. అంత నిశ్శబ్దం ఆవిడ ఎన్నడూ వినలేదు.

"శుభ్రంగా ఉందండీ! అద్దంలా ఉంది!" అంది.

డాక్టరు గురువారం పొద్దున్నే ఆ పలక అప్పగించేశాడు. "చంటిపిల్ల నిద్రపోయినట్టుంది" అని మాట కూడా ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున్న చెల్లెలింట్లో మళ్ళీ ఫోను మోగింది. ఈసారి గుసగుస లేదు.

"కొంప మునిగింది! కూత అలాగే ఉందట. రేపు పొద్దున వచ్చి నా ఎదురుగానే చూపిస్తానంటున్నాడు. నువ్వేం విన్నావ్?"

"ఏమీ వినలేదండీ!"

"అదే నేనూ అంటున్నాను! ఏమీ వినకుండా బాగుందని ఎలా చెప్పావ్?"

ఆవిడ ఫోను పెట్టేసింది. తన చెవులు కూడా పోయాయా? గోడ గడియారం వైపు చూసింది. అది టిక్కుటిక్కుమంటూనే ఉంది. వంటింట్లో కుళాయి చుక్క పడుతోంది. అన్నీ వినబడుతూనే ఉన్నాయి. మంచం మీదున్న చెల్లెలు ఇదంతా చూసి, "అక్కా, నేను ఫోన్లో మాట్లాడేటప్పుడు ఇక్కడ ఫ్యాను గిరగిరా తిరుగుతూనే ఉంటుంది కదా. నీకు ఎప్పుడైనా వినబడిందా?" అంది.

ఆవిడ ఆలోచించింది. ఎప్పుడూ వినబడలేదు.

"ఈ ఫోన్లు ఆగకుండా వచ్చే చప్పుళ్ళని మింగేస్తాయక్కా. మాటలే పంపుతాయి. మా ఆఫీసులో వాళ్ళు చెప్పారు."

"అయ్యో, దోమని ఫోను మింగేసిందా!" అని ఆవిడ తల పట్టుకుంది. పక్కింటావిడకి చెల్లెల్ని అప్పజెప్పి, రాత్రి బస్సుకే బయల్దేరింది.

శనివారం తొమ్మిదికి జులపాలాయన వచ్చేసరికి కర్టెన్ వెనక ఆవిడ సిద్ధంగా ఉంది. ఒక చేతిలో గరిటె, ముందు బోర్లించిన గిన్నె. పొయ్యి మీద ఏమీ లేదు.

జులపాలాయన పలక నేలమీద పెట్టాడు. ఏడు పెడల్స్‌కీ ఒకే అడాప్టరు నుంచి ఒకే వైరు, దానికి ఏడు కొమ్మలు. స్విచ్చి వేశాడు.

"వింటున్నారా?" అన్నాడు.

"వింటున్నాను" అన్నాడు డాక్టరు, నుదురు ముడేసి.

కర్టెన్ వెనక టంగ్‌మని ఒక దెబ్బ. దోమ నిజంగానే కూస్తోంది, తీగలాగా, పళ్ళు జివ్వుమనేలా. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. చెవులు బాగానే ఉన్నాయి.

డాక్టరు ఆలోచించాడు. ఏ డబ్బా విప్పినా లోపల తప్పు కనబడలేదు, కూత మాత్రం ఉంది. అంటే జబ్బు ఏ డబ్బాలోనూ లేదు, కాపురంలో ఉంది. ఏడుగురు తోడికోడళ్ళకి ఒకే కుళాయి పెట్టినట్టు ఏడింటికీ ఒకే కరెంటు దారి. ఎవరో ఒకరు ఆ నీళ్ళు కలచేస్తున్నారు. ఆయన కొమ్మలు ఒక్కొక్కటీ పీకి, ఆ పెడల్‌కి బ్యాటరీ పెట్టడం మొదలుపెట్టాడు.

మొదటిది పీకాడు. టంగ్. రెండోది. టంగ్. మూడోది. టంగ్.

"లోపల ఏదో వంట జోరుగా ఉన్నట్టుందే" అన్నాడు జులపాలాయన.

"ఆవిడ పద్ధతి అంతే. కొట్టి కొట్టి వండుతుంది" అన్నాడు డాక్టరు. నాలుగోది పీకాడు. కర్టెన్ వెనక గరిటె క్షణంపాటు ఆగి, కాస్త గట్టిగా పడింది.

ఐదోది ప్రతిధ్వని పెడల్. అన్న మాటని మళ్ళీ మళ్ళీ అనేది. లోపల చిన్న కంప్యూటరు లాంటిది ఉంటుంది, బ్యాటరీని ఇట్టే తాగేస్తుంది. డాక్టరు దాన్ని కొమ్మనుంచి పీకి, బల్ల సొరుగులోంచి వేరే అడాప్టరు తీసి విడిగా తగిలించాడు.

టంగ్ టంగ్.

డాక్టరు ముఖం వెలిగింది. "దొరికింది! ఈ ప్రతిధ్వనిగారి కూత కరెంటు దారిలోంచి పక్కింటికి పాకి, ఆ తగువుల గొంతు పెడల్లో పెద్దదవుతోంది. దీనికి వేరే అడాప్టరు ఉంచండి, అంతే. ఇప్పుడు వినండి, ఎంత బాగుందో!"

జులపాలాయన తల ఒకవైపు వంచి, కళ్ళు సగం మూసి విన్నాడు. తర్వాత నిదానంగా తల అడ్డంగా ఊపాడు.

"లేదండీ. ఇంకా ఉంది. అదిగో."

డాక్టరు కర్టెన్ వైపు చూశాడు. ఆరేళ్ళలో వచ్చినవాళ్ళ ముందు అటు చూడడం అదే మొదటిసారి. లోపల్నుంచి మళ్ళీ టంగ్ టంగ్, ఈసారి తొందరగా.

"ఇంకా ఉందా?" అన్నాడు డాక్టరు నీరసంగా.

"సన్నగా. చెవిలో సూది గుచ్చినట్టు."

ఆవిడ గిన్నె పక్కన పెట్టింది. ఊపిరి బిగబట్టి విన్నది. ఏ సూదీ లేదు. ఆంప్లిఫయరు మామూలు ఊపిరి తప్ప ఇంకేమీ లేదు. మొగుడి ముఖం ఆవిడకి కర్టెన్ సందులోంచి కనబడుతోంది. ఎవరి మాట నమ్మాలో తెలియక, బడిలో లెక్క తప్పిన పిల్లాడిలా ఉన్నాడు. బుధవారం తన మాట నమ్మి తలవంపులు తెచ్చుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ తన మాట నమ్మమంటే ఎలా నమ్ముతాడు? నమ్మకపోతే ఈయన చెవుల సంగతి ఇవాళ్టితో ఊరంతా తెలుస్తుంది. పలక పట్టుకుని జులపాలాయన బయటికి నడిస్తే, ఆ తలుపులోంచి ఇంకో గిటారు లోపలికి రాదు.

ఆవిడ కర్టెన్ తప్పించి ముందుగదిలోకి వచ్చింది. మంచినీళ్ళ గ్లాసు కూడా లేకుండా.

ఇద్దరు మగాళ్ళూ ఆమెవైపు చూశారు. ఆవిడ మూలకి నడిచి, ఆంప్లిఫయరు ఎర్రదీపానికి అడ్డంగా నిలబడింది. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"అన్నయ్యగారూ, ఇంకోసారి వినండి" అంది.

జులపాలాయన మర్యాదగా మళ్ళీ తల వంచాడు. "ఉందమ్మా. ఇందాకటికంటే కాస్త పెరిగింది కూడా."

"పెరిగిందా?"

"బాగా పెరిగింది."

ఆవిడ వెనక దాచిన చెయ్యి ముందుకి తెచ్చింది. చేతిలో ఆంప్లిఫయరు ప్లగ్గు ఉంది.

జులపాలాయన ప్లగ్గు వైపు చూశాడు, గోడలో ఖాళీగా ఉన్న రంధ్రాల వైపు చూశాడు, తన బూట్ల వైపు చూశాడు. చివరికి బల్ల పక్కన స్టూలు మీద కూలబడ్డాడు.

"నాకు వినబడదమ్మా" అన్నాడు. "ఆంప్లిఫయర్ల పక్కన ముప్ఫై ఏళ్ళు నిలబడ్డాను. ఆ కూత మా తమ్ముడికే వినబడుతుంది. వాడికి తెలియనివ్వలేదు. వాడు 'ఉంది' అంటే నేనూ 'అవును, ఘోరంగా ఉంది' అంటాను."

"మరి ఇప్పుడు పోయినా ఉందని ఎందుకన్నారు?"

"లేదంటే మీరు పంపించేస్తారు. ఉందంటే ఇంకాస్త బాగుచేస్తారు కదా అని."

ఆవిడకి నవ్వు ఆగలేదు. అత్తగారు పోయాక ఆ గదిలో ఆవిడ అంత గట్టిగా నవ్వడం అదే. నవ్వి నవ్వి బల్ల పట్టుకుని నిలబడింది. తర్వాత మొగుడి వైపు చూసింది. ఇప్పుడు ఆయన ఊరుకుంటే చాలు, గండం గడిచినట్టే. తప్పంతా జులపాలాయన మీదికి పోయింది. "పాపం, మీకు వినబడదన్నమాట" అని ఒక్క మాటంటే డాక్టరు డాక్టరుగానే ఉండిపోతాడు. ఆవిడ ఏమీ అనలేదు. అనకూడదనుకుంది. అది ఆయన మాట, ఆయనే చెప్పాలి.

డాక్టరు స్క్రూడ్రైవరు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"నాకూ వినబడదండీ" అన్నాడు.

"ఏంటి?"

"ఆరేళ్ళయింది. వినేది ఈవిడ. ఇందాక మీరు విన్న వంట... వంట కాదది."

జులపాలాయన నోరెళ్ళబెట్టాడు. "అయితే ఇందాకట్నుంచీ మనిద్దరం..."

"వినని చప్పుడు కోసం తగువాడుకున్నాం."

"నేను 'వింటున్నారా' అంటే మీరు నుదురు ముడేశారు కదండీ!"

"మీరు కళ్ళు మూశారు కదా!"

ఇద్దరూ కాసేపు ఒకరి తప్పు ఒకరు ఎత్తిచూపుకున్నారు. తర్వాత మెత్తబడి, తమకి ఏమేం వినబడవో లెక్క చెప్పుకోవడం మొదలుపెట్టారు. దోమలు, కీచురాళ్ళు, బట్టలుతికే మిషను పని అయిపోయిందని చేసే పిలుపు. జులపాలాయనకి తలుపు గంట కూడా పోయిందట. డాక్టరు తనకి గంట ఇంకా వినబడుతుందని గొప్పగా చెప్పుకున్నాడు. ఆవిడ ప్లగ్గు మళ్ళీ గోడకి పెట్టి, స్విచ్చి వేసి, ఏడు పెడల్సూ ఒక్కొక్కటీ తానే చేత్తో నొక్కి విన్నది.

"పోయింది. మీ తమ్ముడు కూడా ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే అతన్నే తీసుకురండి. ఫోను మాత్రం చేయకండి" అంది.

ఆదివారం కచేరీలో తమ్ముడు స్టేజీ ఎక్కాడు. ఆ సంగతి జులపాలాయన సోమవారం స్వయంగా వచ్చి చెప్పాడు. డాక్టరు గారి చెవుల గురించి తాను ఎవరికీ చెప్పలేదని కూడా ఒట్టేశాడు.

ఆ వారమే బడిలో పాటల పంతులమ్మ ఒక పెడల్ పట్టుకొచ్చింది. అందులో ఏదో కూస్తోందట. డాక్టరు పెడల్ అందుకోలేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ముందే చెబుతున్నానండీ. సన్న చప్పుళ్ళు నాకు వినబడవు. మా ఆవిడ వింటుంది, నేను బాగుచేస్తాను. అలా పనికొస్తుందనుకుంటేనే ఇవ్వండి."

కర్టెన్ వెనక గిన్నెలు తోముతున్న చేతులు ఆగిపోయాయి.

పంతులమ్మ ఆ మాట అర్థం చేసుకోవడానికి కాస్త సమయం తీసుకుంది. "ఆవిడ ఎక్కడున్నారు?" అంది.

డాక్టరు లేచాడు. కర్టెన్ మొత్తం పక్కకి లాగి, మేకుకి చుట్టి ముడేశాడు. పంతులమ్మ వంటింటి గడప దాకా వెళ్ళి, పెడల్‌ని రెండు చేతులతో ఆవిడకి అందించింది. ఆవిడ చేతులు తడిగా ఉన్నాయి. గబగబా తుడుచుకుంది, కానీ వెంటనే పుచ్చుకోలేదు.

"ఎప్పుడు మొదలైందమ్మా ఈ కూత? అన్నీ చెప్పండి" అంటూ, కూర్చోవడానికి ముందుగదిలో తనకో కుర్చీ ఎక్కడుందా అని చుట్టూ చూసింది.